తొడుక్కున్నవాళ్ళే ఉతుక్కోవాలి

కిందటి ఏడాది మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం సోఫా కింద ఊడుస్తుంటే చీపురుకి ఒక గ్లౌజ్ తగిలింది. ఒకప్పుడు తెల్లగా, మెత్తగా ఉండి ఉంటుంది. నా చేతికి దొరికేసరికి మాత్రం అప్పడంలా బిగుసుకుపోయి, వేళ్ళు అయిదూ అయిదు దిక్కులకి తిరిగిపోయి ఉంది. ఎడమ చేతిది. మరి కుడి చేతిదేదీ? మంచాల కింద చూశాను, వాషింగ్ మెషీన్ డ్రమ్ములో చెయ్యి పెట్టి తడిమాను, మావాడి స్కూల్ బ్యాగ్ బోర్లించి దులిపాను. రెండు రోజులు వెతికీ వెతికీ, చివరికి నేరం చేసినదానిలా మా వారి దగ్గరికి వెళ్ళి, "ఏవండీ, మీ గ్లౌజుల్లో రెండోది పోయినట్టుంది" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. "గోల్ఫ్‌కి ఒకటే ఉంటుందోయ్. ఎడమ చేతికే."

నేనూ నవ్వేశాను. కానీ తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఆలోచిస్తే ఒక సంగతి గుచ్చుకుంది. ఆ ఆట ఆయనది, ఆ గ్లౌజ్ ఆయనది, సోఫా కిందికి విసిరిందీ ఆయనే. లేని రెండో గ్లౌజ్ కోసం రెండు రోజులు కంగారు పడింది మాత్రం నేను! ఈ పోస్టు ఆ కంగారు గురించే.

మా వారికి నలభై దాటాక ఈ గోల్ఫ్ పట్టుకుంది. వాళ్ళ ఆఫీసులో పై మేనేజర్ ఆడతారట, వచ్చే క్లయింట్లూ ఆడతారట. మేముండేది మాదాపూర్. 1998లో సైబర్ టవర్స్ కట్టినప్పుడు ఇటంతా బండరాళ్ళూ తుప్పలే అని మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తుంటారు. ఇప్పుడు పక్కనే గచ్చిబౌలిలో అవే బండల మధ్య బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్స్ ఉంది. ఇంకోవైపు గోల్కొండ కోట నయా ఖిల్లాలో, హతియాన్ కా ఝాడ్ అనే ఆ బ్రహ్మాండమైన చెట్టు ఉన్నచోట, మరొకటి ఉంది. మనకి ఇదేదో కొత్త సరదా అనుకుంటాం గానీ, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. కాబట్టి తెలుగు నేలమీద ఈ ఆట మా అత్తగారి తాతగారికంటే పాతది. మా ఇంట్లోకే ఆలస్యంగా వచ్చింది.

ఒకే చేతికి ఎందుకంటే, కుడిచేతి వాటం వాళ్ళకి కర్ర పైభాగాన్ని పట్టుకునేది ఎడమ చెయ్యి. బలంగా తిప్పినప్పుడు కర్ర అందులో జారకూడదు, చర్మం ఒరుసుకుపోయి బొబ్బలెక్కకూడదు. అందుకే ఆ పలుచటి తోలు తొడుగు. ఎడమచేతి వాటం వాళ్ళు కుడి చేతికి వేసుకుంటారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి తెలిసిందల్లా ఒక మురికి గుడ్డలాంటిది ఇంట్లో ఉంది, దాన్ని శుభ్రం చెయ్యాలి, అంతే.

చేశాను. ఏప్రిల్‌లో ఒక సోమవారం పిల్లల యూనిఫాములతో పాటు మెషీన్‌లో వేసి, డిటర్జెంట్ పోసి తిప్పి, మిట్టమధ్యాహ్నం బాల్కనీ తీగమీద క్లిప్పు పెట్టాను. హైదరాబాద్ ఏప్రిల్ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. సాయంత్రానికి మినపవడియంలా తయారైంది. చిన్నదైపోయింది, గరుకెక్కింది, బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది. వెయ్యి రూపాయల పైచిలుకు వస్తువు. ఆయన కోప్పడలేదు. "ఒక్కమాట అడగాల్సింది కదా" అన్నారు. కోప్పడి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆ మెత్తటి మాటకి మాత్రం నిజంగానే తప్పు నాదే అనిపించింది. అందుకని కూర్చుని నేర్చుకున్నాను.

నేర్చుకున్నది మీకూ చెప్తాను. మీ ఇంట్లో గోల్ఫ్ లేకపోయినా, తోలు వస్తువు ఏదో ఒకటి ఉంటుంది కదా.

మంచి గోల్ఫ్ గ్లౌజులు చాలావరకు కాబ్రెట్టా అనే తోలుతో చేస్తారు. పేరు చూసి ఏ విదేశీ జంతువో అనుకున్నాను. తీరా చూస్తే గొర్రె తోలే! ఉన్ని బదులు వెంట్రుకలుండే జాతి గొర్రెలవి. మాది నెల్లూరు వైపు. మా నెల్లూరు గొర్రె సరిగ్గా అలాంటిదే, ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలుంటాయి. ఉన్ని గొర్రె తోలుకంటే ఇలాంటి గొర్రె తోలు బిగువుగా, సన్నగా, అయినా మెత్తగా ఉంటుంది. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో సాయంత్రాలు దుమ్ము రేపుకుంటూ వెళ్ళే ఆ మందలు గుర్తొచ్చి, చేతిలో పాడైపోయిన ఆ గ్లౌజ్ మీద ఎక్కడలేని జాలి కలిగింది. బతుకమ్మలో పేర్చే తంగేడు చెట్టు బెరడుతో మన పల్లెల్లో తోళ్ళు పదును చేసేవారు. అంత శ్రమ పడి మెత్తబరిచిన తోలుని నేను గంటన్నరలో వడియం చేశాను.

తోలుకి శత్రువు మురికికంటే ముందు చెమట. చెమట ఆరిపోతుంది, అందులోని ఉప్పు తోలులోనే ఉండిపోతుంది. మెత్తదనాన్నిచ్చే జిడ్డు తగ్గిపోయి లోపలి పోగులు బిగుసుకుంటాయి. దాన్ని ముద్దచేసి బ్యాగ్ జేబులో కుక్కితే ఆ ముద్ద ఆకారంలోనే గట్టిపడుతుంది. కాబట్టి అసలు సంరక్షణంతా ఆట అయిన మొదటి పది నిమిషాల్లోనే ఉంది. తీసిన వెంటనే పొడి గుడ్డతో అద్ది, వేళ్ళు ఒక్కొక్కటే సాపు చేసి, మణికట్టు దగ్గర పట్టీ అంటించి, గాలి తగిలేచోట పెట్టాలి. పూర్తిగా ఆరాక, కొన్నప్పుడు వచ్చిన కవర్‌లోనే పరిచి పెడితే మడతలు పడవు.

ఆడిన ప్రతిసారీ ఉతకక్కర్లేదు. గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిస్తే చాలు. మరీ మాసిపోయి ఉతకక తప్పకపోతే, దాన్ని చేతికి తొడుక్కునే ఉతకాలి. చల్లటి నీళ్ళు, ఒక్క చుక్క బేబీ షాంపూ. రెండో చేతి వేళ్ళతో మృదువుగా రుద్ది, నురగ పోయేదాకా కడగాలి. నానబెట్టకూడదు, మెలితిప్పి పిండకూడదు. తువ్వాలు మడతలో పెట్టి అద్దితే నీళ్ళు లాగేస్తుంది. తర్వాత నీడలో, ఫ్యాన్ గాలికి. పూర్తిగా ఆరకముందు, కాస్త చెమ్మ ఉండగానే తొడుక్కుని నాలుగుసార్లు పిడికిలి బిగించి విప్పితే చేతి ఆకారం నిలుస్తుంది. ఎండ వద్దు, హెయిర్ డ్రయర్ వద్దు, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు. బ్లీచ్ వద్దు. మెత్తబడుతుందని కొబ్బరినూనె రాసేరు, కర్ర చేతిలోంచి జారి ఎదుటివాడి మీద పడుతుంది! సన్‌స్క్రీన్ రాసుకుంటే చెయ్యి తుడుచుకున్నాకే గ్లౌజ్ వేసుకోవాలి. సింథటిక్ రకాలు ఇంత సుకుమారం కావు, చాలావాటిని చల్లటి నీళ్ళలో మామూలుగా ఉతకచ్చు. అయినా లోపలి లేబుల్ ఒకసారి చదవాలి. రెండు గ్లౌజులు పెట్టుకుని మార్చి మార్చి వాడితే ఒకటి ఆరుతుండగా ఇంకోటి పనికొస్తుంది.

చదువుతుంటే మీకేమనిపించింది? నాకైతే వెంకటగిరి చీర గుర్తొచ్చింది. నీడన ఆరబెట్టు, పిండకు, మడత మార్చు. ఇవన్నీ మనకి పుట్టింటినుంచి వచ్చిన పాఠాలే. అందుకే నాకు వారంలో పట్టుబడింది. మే నుంచి జులై దాకా ప్రతి ఆదివారం ఆ గ్లౌజ్ సేవ నేనే చేశాను. నిజం చెప్పాలంటే గర్వంగా కూడా ఉండేది. మా వారు స్నేహితులతో "మా ఆవిడ నా గ్లౌజ్ ఎప్పుడూ కొత్తదానిలా ఉంచుతుంది" అంటే మురిసిపోయాను.

అలా మురిసిపోవడం ఎక్కడిదాకా వెళ్ళిందో జులైలో తెలిసింది. ఒక ఆదివారం పొద్దున్న ఏడున్నరకి, ఇడ్లీ పాత్ర దించుతుంటే ఫోన్. "గ్లౌజ్ బ్యాగ్‌లో పెట్టలేదేంటి?" ముందురోజు వాన. బయట ఆరదని మా గదిలో ఫ్యాన్ కింద కుర్చీమీద పరిచాను. పెట్టడం మర్చిపోయాను. "అయ్యో, సారీ అండీ" అన్నాను. అటునుంచి ఎవరో అడిగారు, ఏమైందని. ఫోన్ పెట్టెయ్యకుండానే ఆయన వాళ్ళతో అన్న మాట నాకు వినపడింది. "మా ఆవిడ పెట్టలేదు."

ఆ మాటలో కోపం లేదు. వెటకారం లేదు. ట్రాఫిక్ ఉంది, వాన పడుతోంది అన్నట్టు ఒక సమాచారం, అంతే. అదే నన్ను కూర్చోబెట్టేసింది. ఆయన ఆట, ఆయన బ్యాగ్, ఆయన చెయ్యి. ఏప్రిల్‌లో సాయంగా మొదలుపెట్టిన పని జులైకల్లా నా బాధ్యత అయిపోయింది. ఎవరూ అప్పగించలేదు. నేను కాదనలేదు. మూడు నెలల్లో మా ఇద్దరి మధ్యా ఒక్క మాట జరగకుండానే అది నా ఖాతాలోకి వచ్చి చేరింది, మర్చిపోతే సారీ చెప్పే హక్కుతో సహా.

ఆ వారం గ్లౌజ్ ముట్టుకోబుద్ధి కాలేదు. నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. మా ఇంటికి పనికి వచ్చే ఆవిడకి ఇద్దామనుకున్నాను. "ఇది కాస్త చేత్తో ఉతికిపెట్టు" అని చేతిలో పెట్టబోతే, ఆవిడ చెయ్యి చాపింది. వేళ్ళ చివర్లు సబ్బుకి పగిలి, బొటనవేలు పక్కన చీలిక ఎర్రగా ఉంది. రోజుకి అయిదిళ్ళు, అయిదిళ్ళ గిన్నెలు. ఈ ఇంట్లో ఒక చేతికి వారానికి నాలుగు గంటలపాటు బొబ్బలెక్కకుండా గొర్రె తోలు కావాలి. ఆ తోలుని బాగు చెయ్యడానికి మళ్ళీ ఇంకొకరి పగిలిన చేతులు కావాలి! గ్లౌజ్ వెనక్కి తీసుకున్నాను. గిన్నెలకి రబ్బరు గ్లౌజులు కొనిచ్చాను. జారిపోతున్నాయమ్మా అని ఆవిడ పెద్దగా వాడదు. రాత్రిపూట రాసుకోమని ఇచ్చిన వాజిలిన్ మాత్రం వాడుతోంది. నేనేదో గొప్ప పని చేశానని చెప్పడంలేదు. ఆ రోజు ఒకటి అర్థమైంది. ఆయన నామీదికి, నేను ఆవిడమీదికి నెడితే ఆ పని పోదు, కిందికి జారుతుంది. ఇక కిందికి జారడానికి చోటు లేనిచోట ఎవరో ఒకరు నోరెత్తకుండా చేస్తారు.

ఆ రాత్రి మా వారికి చెప్పాను. "ఇకనుంచి మీ గ్లౌజ్ మీరే చూసుకోండి. ఎలా చెయ్యాలో నేర్పిస్తాను. చెయ్యడం మాత్రం మీదే." ఆయన కాసేపు నావైపు చూసి, "ఒక్క ఫోన్‌కి ఇంత కోపమా?" అన్నారు. "కోపం కాదు" అన్నాను. సగం అబద్ధమే.

ఇప్పుడు మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. నేనూ వేసుకున్నాను. ఆయన సంపాదిస్తున్నారు, నేను ఇంట్లో ఉంటున్నాను. ఇంటి పని నాది. మరి గ్లౌజ్ ఇంటి పని కాదా? పైగా ఆ గోల్ఫ్ కూడా సగం ఆఫీసు కోసమే కదా?

ఇంటి పని నాదే. నేను చేసేది ఉద్యోగంకంటే తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన ఆఫీసు చొక్కాలు నేనే ఉతికిస్తాను, ఇస్త్రీకి నేనే ఇస్తాను, టిఫిన్ బాక్సు నేనే కడతాను. వాటికి లెక్కలు అడగను. అవి ఇల్లు నడవడానికి కావలసినవి. కానీ ఆయన సరదాకి ఎంచుకున్న ఆట, ఆ ఆట ఆయనకిచ్చే సంతోషం, పొద్దుటి గాలి, స్నేహితులు, ఇవన్నీ ఆయనకే. అవన్నీ తనకుంచుకుని, చివర్న మిగిలే చెమట వాసన ఒక్కటి ఇంటికి తెచ్చి ఇంకొకరికివ్వడం పంపకం కాదు. ఆఫీసు కోసమే ఆడతారనుకుందాం. అప్పుడు ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎవరు పెట్టుకుంటున్నారో గ్లౌజ్‌నీ వాళ్ళే చూసుకోవాలి కదా!

ప్రేమతో చేస్తే తప్పేంటి అని ఇంకో మాట. ప్రేమతో చేసేది తప్పే కాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ గోల్ఫ్‌లో నాలుగో స్థానంలో వచ్చింది, ఒక్క స్ట్రోక్ తేడాలో పతకం తప్పింది, గుర్తుందా? అప్పుడు ఆమె బ్యాగ్ మోసిన క్యాడీ వాళ్ళమ్మగారే, మహేశ్వరి గారు. అంతకుముందు రియోలో వాళ్ళ నాన్నగారు మోశారు. మనకి కేడీ అంటే రౌడీషీటరే తెలుసు గానీ, గోల్ఫ్‌లో క్యాడీ అంటే బ్యాగ్ మోసి, కర్రలు తుడిచి, తడి తువ్వాలు అందించి, వెంట నడిచే మనిషి. నాకు ఆ అమ్మని చూస్తే చాలా ఇష్టం. అదే సమయంలో ఒకటి గమనించాను. ఆవిడ చేసిన పనికి ఒక పేరుంది. ప్రపంచమంతా టీవీలో చూసింది. కర్ర అందించడం మర్చిపోతే తప్పు ఆవిడదేనని ఆవిడకి ముందే తెలుసు, ఎందుకంటే ఆ పని ఆవిడ ఒప్పుకుని తీసుకున్నది. నేను పేరు లేని క్యాడీని. ఒప్పుకున్నట్టు నాకే తెలియదు. తేడా అక్కడుంది.

మాట చెప్పడం తేలిక. అసలు కష్టం ఆగస్టులో వచ్చింది. ఆయన చెప్పినట్టే బుద్ధిగా రెండు వారాలు చేశారు. మూడో వారం వానలో ఆడి వచ్చి, తడి గ్లౌజ్ బ్యాగ్ జేబులోనే వదిలేశారు. నాకు తెలుసు. బ్యాగ్ నేను ఊడ్చే దారిలోనే ఉంది. జిప్పు తీసి, రెండు నిమిషాల్లో ఆరేసి, ఏమీ ఎరగనట్టు ఉండచ్చు. చెయ్యి అటే లాగింది. అమ్మలకి, భార్యలకి ఇది తెలిసిన బాధే. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడమన్నట్టు ఉంటుంది. నేను ఆ బ్యాగ్ చుట్టూ ఆరు రోజులు ఊడ్చాను. తీయలేదు.

శనివారం రాత్రి ఆయనే తీశారు. నల్లటి చుక్కలతో బూజు పట్టేసింది, వాసన. మా అత్తయ్యగారు చూసి, "ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం ఉండి వాడి చేతి తొడుగు బూజు పట్టిందంటే ఎవరైనా నవ్వుతారు" అన్నారు. నేను ఏదో అనబోయి ఊరుకున్నాను. మా వారే అన్నారు, "నా పనేనమ్మా, మర్చిపోయాను" అని. ఆ గ్లౌజ్ పారెయ్యాల్సివచ్చింది. వెయ్యి రూపాయలు పోయాయి. నా లెక్కలో అది దండగ కాదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్యగారు వక్కపొడి నములుతూ నాతో ఒక మాట చెప్పారు. మావయ్యగారు బ్యాంకులో పనిచేసేవారు. ముప్ఫయ్యేళ్ళు ఆయన బూట్లు ఈవిడే పాలిష్ చేశారట, పొద్దున్నే, ఆయన లేవకముందే. ఒకసారి ఆపరేషన్ కోసం ఈవిడ పదిరోజులు ఆస్పత్రిలో ఉండాల్సివస్తే, ఆయన చెప్పులతో బ్యాంకుకి వెళ్ళారట. పాలిష్ డబ్బా ఎక్కడుందో తెలియదు. అడగడానికి మొహమాటం. "డిశ్చార్జి అయి వచ్చేసరికి బూట్లు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి. దుమ్ము పట్టి. నేను ఇన్నేళ్ళు చేసింది ఆయనకి మంచో చెడో అప్పుడు అర్థం కాలేదు" అన్నారు. నన్ను సమర్థించారని చెప్పలేను. ఆ వెంటనే "అయినా మరీ బూజు పట్టేదాకా ఉండక్కర్లేదు" అని కూడా అన్నారు. కానీ ఆ బూట్లు నా కళ్ళముందునుంచి పోవడంలేదు. అన్నీ మనమే చేసిపెడితే మనవాళ్ళు సుఖపడతారనుకుంటాం. మనం పక్కకి తప్పుకున్న రోజున వాళ్ళు చెప్పులతో బయల్దేరతారు.

ఇంకొక లాభం నేను ఊహించలేదు. గ్లౌజ్ ఎక్కడ అరిగిందో చూస్తే ఆడేవాడి పట్టు ఎలా ఉందో తెలుస్తుందట. అరచేతి మడమ దగ్గర త్వరగా చిరుగుతుంటే కర్ర చేతిలో కదులుతోందని అర్థం. నేను ఉతికిన మూడు నెలలూ అదే చోట అరుగుతూ ఉంది. నేను చూశాను గానీ నాకు అదొక మరక, అంతే. సెప్టెంబర్‌లో కొత్తది తన చేత్తో తుడుచుకుంటూ ఆయనే గమనించి, ఆటలో ఎవరినో అడిగి, పట్టు సరిచేసుకున్నారు. ఈ గ్లౌజ్ అంతకుముందువాటికంటే ఎక్కువ రోజులొచ్చింది. వస్తువు తన కష్టం ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళ చేతుల్లో ఉంటేనే ఉపయోగం.

గోల్ఫ్ గ్లౌజులు మా ఇంట్లో లేవు, మాకెందుకీ గొడవ అని మీరనచ్చు. అయితే గ్లౌజ్ బదులు జిమ్ బూట్లు పెట్టి చదవండి. మా టవర్‌లోనే చూస్తున్నాను. షటిల్ ఆడి వచ్చిన చెమట టీషర్టులు, రాత్రి పదకొండింటికి బాక్స్ క్రికెట్ ముగించుకుని వచ్చిన బురద ప్యాంట్లు, ప్రొటీన్ పొడి కలిపి మూత పెట్టి కారులో వదిలేసిన షేకర్ సీసాలు. ఆ సీసా మూత తీసిన ఏ ఇల్లాలైనా నా బాధ ఇట్టే అర్థం చేసుకుంటుంది. సరదాలు వద్దని నేననను. నలభై దాటాక మగవాళ్ళు కుర్చీలోంచి లేచి ఏదో ఒకటి ఆడితే మనకే మంచిది. నా మాటల్లా ఒక్కటే. ఆట మొదలయ్యేది ఇంట్లో బ్యాగ్ సర్దుకున్నప్పుడు, ముగిసేది గ్లౌజ్ ఆరేసినప్పుడు. మధ్యలో ఉన్న నాలుగు గంటలే ఆట కాదు.

ఎవరైనా మొదలుపెట్టదలిస్తే, నాకు పనికొచ్చిన రెండు మాటలు చెప్తాను. కోపంగా ఉన్నప్పుడు పని మానేసి ఊరుకోకండి, అది అలక కింద పోతుంది. కూర్చోబెట్టి, చేసి చూపించి, నోటితో చెప్పి అప్పగించండి. అప్పగించాక పాడవుతుంటే చూస్తూ ఊరుకోండి. ఇందులో రెండోదే కష్టం. నాకు ఇప్పటికీ చెయ్యి లాగుతుంది.

మా ఇంట్లో అంతా మారిపోయిందని చెప్తే మీరు నమ్మరు, నమ్మకండి కూడా. ఎనిమిదో తరగతి చదివే మావాడికి వికెట్‌కీపింగ్ గ్లౌజులున్నాయి. నాన్నని చూసి వాటిని ఆరబెట్టడం మొదలుపెట్టాడు. రెండు వారాలు చేస్తాడు, మూడో వారం "అమ్మా, కంపు కొడుతున్నాయి" అని తెచ్చి నా ముందు పెడతాడు. "కంపు నాకు కాదు, నీకు చెప్తున్నాయి" అని పంపిస్తాను. గొణుక్కుంటూ వెళ్తాడు. రేపు వాడింటికి వచ్చే అమ్మాయి సోఫా కింద లేని గ్లౌజ్ కోసం వెతక్కుండా ఉంటే నాకది చాలు.

నిన్న ఆదివారం. పదకొండింటికి మా వారు వచ్చారు. నేను పప్పు తాలింపు పెడుతున్నాను. బాల్కనీలో నీడపక్కన, తీగకి కాకుండా కుర్చీ వీపుమీద, వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసి గ్లౌజ్ పరుస్తూ కనిపించారు. పట్టీ అంటించడం మర్చిపోయారు. చెప్దామని నోటిదాకా వచ్చింది. తాలింపులో ఇంగువ వేసి, పప్పు గిన్నె మూత పెట్టేశాను.

మీ ఇంట్లో ఇలాంటి గ్లౌజ్ ఏది? ఎప్పుడు, ఎలా మీ ఖాతాలోకి వచ్చింది? గుర్తుంటే చెప్పండి. నాలాగా మాటామంతీ లేకుండానే వచ్చి చేరినవి ఎన్నుంటాయో చూడాలని ఉంది.